గంజి పెట్టిన కారు

మా బావ చేసే కార్లను మీరు ఫోన్‌లో చూసే ఉంటారు. నేల మీద పాకుతున్నట్టుండే రెండు సీట్ల కారు. తలుపులు పక్కకు కాదు, పైకి తెరుచుకుంటాయి. ఒళ్లంతా నల్లటి నేత మెరుస్తుంటుంది. వీడియోలో మా బావ నల్ల టీషర్టు వేసుకుని, చేతులు కట్టుకుని, చిన్న ఊరు, పెద్ద కల అంటూ ఏదో చెబుతుంటాడు. కింద జనం దండాలు పెడుతుంటారు. జగిత్యాలలో ఇలాంటి కారా అని ఆశ్చర్యపోతుంటారు. నాకేం ఆశ్చర్యం లేదు. ఆ కంపెనీ మొదటి కారుకు బట్ట నేసింది నేను. సిరిసిల్లలో, మా ఇంటి ముందుగదిలో, మా నాన్న మగ్గం మీద.

బట్ట అంటే సీట్లకు వేసే బట్ట అనుకునేరు. కాదు, కారు ఒళ్లే బట్ట. నాకూ ఇది మొదట అర్థం కాలేదు.

బావది కోరుట్ల. మా అక్కను చేసుకున్న కొత్తలోనే దుబాయి పోయాడు. అందరిలా కట్టుబడి పనికి కాకుండా ఒక గ్యారేజీలో పడ్డాడు. అక్కడ షావుకార్లు గోడలకు గుద్దుకొచ్చిన ఖరీదైన కార్లకు ఒళ్లు బాగుచేయడం ఆ గ్యారేజీ పని. వాటికి రేకు ఉండదు. కార్బన్ దారంతో నేసిన బట్టను అచ్చులో పరిచి, రెజిన్ అనే జిగురు పట్టించి, పొర మీద పొర వేసి, వేడి గదిలో ఆరబెడతారు. ఆరాక అది ఇనుముకన్నా గట్టిగా ఉంటుంది, ఎత్తితే చేటంత తేలిక. ఏళ్ల తరబడి అదే పని చేశాడు బావ. తిరిగొచ్చేటప్పుడు అందరూ బంగారం, సెంటు సీసాలు, దుప్పట్లు తెస్తారు. ఈయన పెట్టెలో ఒక విరిగిన కారు తలుపు ముక్క తెచ్చాడు. మా అక్క రెండు రోజులు మాట్లాడలేదు.

"గీ చెక్కముక్కకు గింత దూరం నుంచి కిరాయి వెట్టినవా?" అని నేను ఎగతాళి చేశాను.

"చెక్క గాదు బామ్మర్దీ, బట్ట. ముట్టి సూడు, నీకు ఎర్కైతది," అన్నాడు.

ముట్టి చూశాను. జిగురు కింద పడుగూ పేకా కనిపించాయి. రెండు దారాల మీద నుంచి, రెండు దారాల కింద నుంచి, ఏటవాలుగా నడిచే నేత. మా నాన్న తువ్వాళ్లకు అదే నేసేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నేను పడిపోయాను. నలభై దాటిన మనిషిని, మరమగ్గాల మీద పాలిస్టర్ గుడ్డ నడుపుకునేవాణ్ని, గంటకోసారి తెగిన దారం ముడివేయడం తప్ప చేతికి పని లేనివాణ్ని. నా విద్య ఒక కారుకు పనికొస్తుందంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు?

జగిత్యాల పొలిమేరలో మూతపడిన రైసుమిల్లు ఒకటి తీసుకున్నాడు బావ. దుబాయి నుంచే వచ్చిన ఇద్దరు వెల్డర్లను పెట్టుకున్నాడు. ఇనుప గొట్టాలతో కారు ఎముకలు అల్లారు. యాక్సిడెంటైన ఒక విదేశీ కారు నుంచి ఇంజిన్ పీకి తెచ్చి సీట్ల వెనకాల కూర్చోబెట్టారు. వడ్లు ఆరబోసిన చోటే కారును గచ్చు మీద సుద్దతో గీసి, ఆ గీతల మధ్య పడుకుని చూసుకునేవాడు, తల తగులుతుందా, కాళ్లు చాలుతాయా అని. బోర్డు లేదు, పేరు లేదు. కంపెనీ పుట్టింది అట్లాగే.

నేసిన కార్బన్ బట్ట బయటి దేశం నుంచి తెప్పిస్తే నెలలు పడుతోందని, బావ దారపు కండె ఒకటి పట్టుకుని సిరిసిల్ల వచ్చాడు. నేను పనిచేసే కార్ఖానాలో ఆసామిని బతిమాలి ఒక సాంచా మీద ఎక్కించాం. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం, దాని యజమానిని ఆసామి అంటాం. పది నిమిషాలు కాలేదు, నల్లటి నూగు లేచి మోటారులో దూరింది. ఆ నూగుకు కరెంటు పారే గుణం ఉందని మాకేం తెలుసు? ఠప్పుమని మంట వచ్చి మోటారు కాలిపోయింది.

"మీ బావ కారు ఎప్పుడైతదో గని నా సాంచా వోయింది. గా నల్లదారం మల్ల లోపటికి తెచ్చినవనుకో, నిన్ను గూడ బయటికి పంపుత," అన్నాడు ఆసామి.

కరెంటు లేని మగ్గం కావాలి. అటక మీద మా నాన్న మగ్గం విప్పి కట్టలు కట్టి ఉంది. దించి, తుడిచి, ముందుగదిలో బిగించాను. ఆ దారం గాజులాంటిది. వంచితే విరుగుతుంది, రాసుకుంటే నూగు లేస్తుంది, ఆ నూగు ఒంట్లో గుచ్చుకుంటే దురద మూడు రోజులు పోదు. మా ఆవిడ టేపు ముక్కలు నా వీపు మీద అతికించి పీకేది. "కారు ఆయనకు, గీరుకునుడు నీకు," అని నవ్వేది.

పడుగు నిలవడం లేదు. జానెడు నేస్తే పది దారాలు తెగుతున్నాయి. అప్పుడు నేను ఏ నేతగాడైనా చేసే పనే చేశాను. పడుగుకు గంజి పెట్టాను. గంజి లేకుండా పడుగు ఎక్కించడమనేది మా ఇళ్లల్లో ఎవరూ ఎరగరు. పెట్టొచ్చా అని ఎవరినైనా అడగాలనే ఆలోచన కూడా రాలేదు.

గంజి కాచింది మా ఆవిడ. ఈ విషయంలో ఆమెకు ఊళ్లో పేరుంది. అప్పటికి సిరిసిల్లలో చేనేత మగ్గాలున్న ఇళ్లు కొన్నే. ఆ ఇళ్లల్లో పడుగు సాగదీసే రోజు ఆమెను పిలిచేవాళ్లు. బియ్యపు పిండి ఎంత, నీళ్లెన్ని, మంట ఎప్పుడు తీయాలి, అంతా చూపుతోనే. వేలు ముంచి తీసి, రెండు వేళ్ల మధ్య సాగదీసి "ఇగ దింపున్రి" అనేది. వయసులో పెద్దవాళ్లు కూడా ఆ మాట కోసం నిలబడి ఎదురుచూసేవాళ్లు. ఇంట్లో నాకు లేని మర్యాద అది, నాకు కొంచెం అసూయ కూడా.

గంజి పట్టాక పడుగు దారికొచ్చింది. నేసిన బట్టను గొట్టానికి చుట్టి బస్సులో వేములవాడ, కొడిమ్యాల మీదుగా జగిత్యాల తీసుకుపోయేవాణ్ని. కండక్టరు ఏందది అనడిగితే "కారు" అనేవాణ్ని. బావ గొట్టం విప్పి, బట్టను వెలుతురుకు పట్టి చూసి, నా భుజం మీద చెయ్యి వేసేవాడు. "నీ చేతిల ఏముందో నీకే తెల్వదు," అనేవాడు. ఆ ఏడాది నేను సిరిసిల్ల బజారులో కొంచెం ఛాతీ విరుచుకునే నడిచాను. కాదని ఎందుకనాలి?

కారు పూర్తయింది. కొనేవాడు కూడా దొరికాడు, హైదరాబాదులో కాంట్రాక్టులు చేసే పెద్దమనిషి. మా వైపు కొత్త బండి ఏదైనా కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించాకే తోలుతారు, అదీ మంగళవారం. ఆ సారు కూడా మంగళవారమే వస్తానన్నాడు. అక్కా బావా, వెల్డర్లు, నేను, అందరం బయల్దేరాం. మా ఆవిడ రాలేదు. కూలి పోతుందని ఆగిపోయింది. ఆ కారు స్పీడు బ్రేకరు ఎక్కదు, కడుపు తగులుతుంది. అందుకని ఇద్దరు మనుషులు చెక్కపలకలు పట్టుకుని ముందు వ్యానులో పోవాలి, బ్రేకరు వచ్చిన చోటల్లా దిగి పలకలు పరచాలి. దారిలో ట్రాక్టర్లవాళ్లు ఆగి మరీ నవ్వారు. మేమూ నవ్వాం.

కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కేసరికి ఇంజిన్ బాగా వేడెక్కింది. గుడి దగ్గర నిలిపి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నారు. నాకేదో కమురు వాసన తగిలింది. వెనక్కి వెళ్లి చూస్తే ఇంజిన్ మీది మూత ఉబ్బి ఉంది. చూస్తుండగానే అంచు దగ్గర చిట్లి, పొరలు పొరలుగా విడిపోయింది. సారు అక్కడే ఉన్నాడు. పూజారి ఆగిపోయాడు. చుట్టూ జనం ఫోన్లు తీశారు.

బావ విడిపోయిన పొరను వేలితో పైకెత్తి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"గంజి వెట్టినవా బామ్మర్దీ?"

"వెట్టిన. వెట్టకుంటె పడుగెట్ల నిలుస్తది?" అన్నాను. ఇందులో దాచేదేముంది అన్నట్టుగానే అన్నాను.

బావ తల పట్టుకున్నాడు. "అయిపాయె సార్. గంజి ఉంటె రెజిన్ దారానికి అంటుకోదు. మా బామ్మర్దికి తెల్వక ధోతులకు వెట్టినట్టు వెట్టిండు. ఇగ బట్ట బయటి దేశంకెల్లే తెప్పిస్త. మీకు ఇంకో కారు కట్టిచ్చే పూచీ నాది," అన్నాడు.

ఎవరో పకపకా నవ్వారు. సారు నా వైపు జాలిగా చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. మా అక్క చేతిలో కొబ్బరికాయ పట్టుకుని నేల చూపులు చూస్తోంది. తమ్ముడి వల్ల తల కొట్టేసినట్టయింది పాపం అనుకుని నేను కుంగిపోయాను. ఎవరితోనూ చెప్పకుండా కొండ దిగి బస్సెక్కాను.

ఇంటికొచ్చాక జరిగింది రాయక తప్పదు. మా ఆవిడ మంచినీళ్లిచ్చింది. చెంబు విసిరికొట్టాను. "గంజి చిక్కగ కాసినవు. నా పరువు కొండగట్టు మీద పోయింది," అన్నాను.

"నువ్వు జెప్పినట్టే కాసిన గదా," అంది.

ఆ వారమే వీడియో కార్ఖానాకూ చేరింది. "ఏమన్నా, కారుకు గంజి వెట్టినవట, ఇస్త్రీ గూడ జేసినవా?" అని మొదలుపెట్టారు. గంజి కారు అని పేరే పెట్టేశారు. నా పనితనం మీద మాట పడుతుంటే తట్టుకోలేక అందరి ముందూ అనేశాను: "నేత నాది మంచిగనే ఉండె. మా ఆమె గంజి చెడగొట్టింది." ఆసామి విన్నాడు, పక్క సాంచాలవాళ్లు విన్నారు. మాట ఇంటికన్నా ముందు వీధికి చేరింది. ఆ తర్వాత పడుగు సాగదీసే ఇళ్లవాళ్లు ఆమెను పిలవడం మానేశారు. ఎందుకు పిలవట్లేదో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

నేను మగ్గం విప్పి మళ్లీ అటక మీద పడేశాను. మా నాన్న విద్యను నేనే నవ్వులపాలు చేశానని నాలుగేళ్లు నమ్మాను. చీకాకు ఎక్కువైంది, మాట కరుకైంది. అక్క ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడేవాణ్ని, ఆమె మీద కోపంతో కాదు, సిగ్గుతో.

బావ మాత్రం పెరిగాడు. అన్నట్టుగానే బట్ట బయట నుంచి తెప్పించి సారుకు రెండో కారు కట్టిచ్చాడు. అది చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. రైసుమిల్లుకు అద్దాల గోడ వచ్చింది. కొనేవాళ్లను పిలిపించి, దర్జీ కొలతలు తీసినట్టు వీపు, తొడలు కొలిచి సీటు పోస్తారట. ఏడాదికి చేసేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కార్లే, అయినా జనం వరస కట్టి ఆగుతారు. అందులో మాయ లేదు, బావకు పని వచ్చు. ఎంత కడుపు మంటగా ఉన్నా ఆ మాట ఒప్పుకోవాలి.

మూడు నెలల కింద బావ ఫోన్ చేశాడు. ఒకసారి జగిత్యాల రమ్మన్నాడు. వెళ్లాను. ఏసీ గదిలో కూర్చోబెట్టి ఛాయ్ తెప్పించాడు. ముంబై షావుకారు ఒకాయన, మగ్గం మీద చేత్తో నేసిన బట్టతోనే కారు కావాలంటున్నాడట.

"నేసే మనిషి గూడ ఫోటోల ఉండాల్నట. నీకంటె మంచి చెయ్యి నాకు యాడ దొరుకుతది? మగ్గం దింపు బామ్మర్దీ," అన్నాడు.

నాలుగేళ్ల తర్వాత నా చేతిని మంచిదన్న మనిషి. "గంజి లేకుంటె దారం ఆగదు బావా. మల్ల గా తిప్పలే అయితది," అన్నాను.

"గంజి వెట్టుకో, ఏమైతది? ఎప్పటి లెక్కనే మీ అక్క కడుగుతది," అన్నాడు, ఫోన్ చూసుకుంటూ.

ఎప్పటి లెక్కనే. అంటే ఎప్పటిలాగే. ఛాయ్ గ్లాసు కింద పెట్టాను. బావ తల ఎత్తాడు. తానేం అన్నాడో అప్పుడు తెలిసింది ఆయనకు. నేనేమీ అడగకుండా లేచి మిల్లు వెనక్కి వెళ్లాను. అక్క పనివాళ్లకు అన్నం పెడుతోంది.

"నా బట్ట నువ్వు కడుగుతుంటివా అక్కా?"

గరిటె ఆగింది. అబద్ధం ఆడలేదు, అంతవరకు నయం.

"మొదటి గొట్టం విప్పినప్పుడే గంజి వాసనచ్చింది తమ్మీ. ఆయన గుర్తువట్టిండు. గంజి వద్దంటె నువ్వు నెయ్యలేవని నీకు చెప్పలే. ప్రతిసారి మసిలే నీళ్లల్ల నానవెట్టి, నాలుగు నీళ్లు మార్చి నేనే కడిగిన. మూతకేసిన బట్ట గూడ కడిగిందే."

"మరి మూత ఎందుకు ఇడిసిపెట్టింది?"

"మంగళారం పూజకు అందాలని ఓవెన్ల నుంచి ముందుగాల తీసిండు. ఇంకొక్క పూట ఉండాలె. ఆరలే అది. ఇంజిన్ వేడికి మెత్తవడ్డది."

"నీకు గా దినం ఎర్కేనా?"

తల ఊపింది. "నీ తప్పంటె బట్ట మారుస్తె అయిపాయె. ఆయన తప్పంటె కారు కట్టుడే రాదంటరు, కంపెనీయే పోతుండె. నువ్వైతె తమ్మునివి, ఓర్సుకుంటవనుకున్న."

బావ అన్నది వ్యాపారం కోసం అనుకుందాం. ఆయన పరాయి ఇంటి మనిషి. కానీ నా అక్క తన చేతులతో ఆ గంజి కడిగి, ఆ చేతులతోనే కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. నమ్మినవాళ్లే గొంతు కోస్తే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

బావ వెనకే వచ్చి నిలబడ్డాడు. "అయిందేదో అయింది బామ్మర్దీ," అన్నాడు.

"నేస్త. ఒక్కటే మాట. గా సారు ముంగట, నీ వీడియోల, మూత పోయింది గంజితోని గాదు, నేను తొందరవడ్డ అని చెప్పు. నలుగుర్ల అన్న మాట నలుగుర్ల తీస్కో. గంతే."

"ఇప్పుడు జెప్తె జనం ఏమనుకుంటరు? గిందరు బతుకుతున్నరు దీని మీద." చాలాసేపు చెప్పాడు. అందులో ఒక్కటీ తప్పు మాట కాదు. నేను చేయవలసిన పని మాత్రం నేను చేశాను. నెయ్యనని చెప్పి వచ్చేశాను. అక్క గేటు దాకా వచ్చింది, నేను తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె కండెలు చుడుతూ వింది. నేను బావను తిట్టాను, అక్కను తిట్టాను, ఒక్క మాట ఒప్పుకోవడానికి మనిషికి అంత కష్టమా అన్నాను. ఆమె చుట్టడం ఆపింది.

"అయితె గంజి మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె."

"నేను గిన్నేండ్లు చిక్కగనే కాసిన అనుకుంటున్న. నీ చేతి పని నేనే చెడగొట్టిన అనుకుంటున్న," అంది. మళ్లీ కండె అందుకుంది. "మరి గా మాట నువ్వు కార్ఖానల చెప్తవా? గాడనే గద అన్నవు."

"చెప్త," అన్నాను. ఆలోచించకుండానే అన్నాను, అంత తేలిక మాట అనిపించింది.

మర్నాడు వెళ్లాను. సాంచాలు మోగుతున్నాయి. ఆసామి గల్లా దగ్గర ఛాయ్ తాగుతున్నాడు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. మా ఆవిడ గంజి మంచిదే అని చెబితే సరిపోదు. నా మీద మాట పడకుండా ఆమె పేరు నేనే వాడుకున్నానని చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్లు తలలెత్తి చూస్తారు.

"ఏంది?" అన్నాడు ఆసామి.

"ఏం లేదు," అని నా సాంచా దగ్గరికి పోయాను.

తర్వాత ఇంకా రెండుసార్లు వెళ్లి నిలబడ్డాను. బావకు కంపెనీ ఉంది, పోతే పోతుందని భయపడ్డాడు. నాకేం ఉంది పోవడానికి? అయినా నోరు పెగల్లేదు. ఆయన్ని నేను క్షమించలేదు, క్షమించను. అద్దం ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతున్నాను.

ఇక్కడ రాశాను గానీ, కార్ఖానాలో ఎవరూ ఇది చదవరు. మూడు నెలలైంది. మా ఆవిడ రెండోసారి అడగలేదు.